ఉప్పుగాలిలో నేను లేను

నేను ఒక బేస్ గిటార్‌ని. గిటార్ అనగానే మీ కళ్ళ ముందు మెదిలే వస్తువు వేరు, నేను వేరు. నాకు నాలుగే తీగలు, అవీ లావుపాటివి. నన్ను మొదటిసారి చూసినవాళ్ళలో సగం మంది, "అయ్యో, మిగతా రెండూ తెగిపోయాయా?" అని జాలిపడతారు. తక్కిన సగం నన్ను చూడనే చూడరు. పాటలో నేను ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, లేనప్పుడు మాత్రం ఏదో తక్కువైందని బుర్ర గోక్కుంటారు. ఏం తక్కువైందో చెప్పండిరా అంటే చెప్పలేరు. మనుషుల చెవులంటే నాకు బొత్తిగా గౌరవం లేదు. ఎందుకు లేదో వింటే మీరే ఒప్పుకుంటారు.

కలకత్తాలో హార్మోనియంలు బాగుచేసే చిన్న కార్ఖానాలో పుట్టాను. నన్ను చేసిన పెద్దాయన బేస్ గిటార్‌ని ఫోటోలో చూశాడే తప్ప ఎన్నడూ వినలేదు. ఫోటోలో బరువు కనపడదు కదా! అందుకని టేకు చెక్క ధారాళంగా వాడేశాడు. నన్ను భుజాన వేసుకున్నవాడెవడైనా రెండో పాటకల్లా ఓ పక్కకి ఒరిగిపోవలసిందే. విశాఖపట్నంలో పెళ్ళిళ్ళకి పాటకచేరీలు చేసే ఒకాయన నన్ను తెచ్చుకున్నాడు. నన్ను వాయించడం ఆయనకి అంత ముఖ్యం కాదు. నేను పక్కనుంటే ఫోటోల్లో వేదిక నిండుగా కనపడుతుందట, అంతే. వడ్డన మొదలైందనగానే జనమంతా లేచి పోతుంటే, ఖాళీ కుర్చీలకి వాయించి వాయించి నాకు విసుగెత్తింది. ఆయనకీ విసుగెత్తి నన్ను వదిలించుకున్నాడు.

అలా గంటెల సైలస్ చేతిలో పడ్డాను. సైలస్ పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఆదివారాలు చర్చిలో వాయించేవాడు. మాట తక్కువ మనిషి. ఇంట్లో ఉప్పు అయిపోయినా అడగకుండా తినేసే రకం. ఆయన మొదటిసారి నన్ను ఒళ్ళో పెట్టుకుని అన్నిటికంటే లావైన అడుగు తీగ మీద బొటనవేలు వేసినప్పుడు, నా లోపల ఇంత గొంతు ఉందా అని నేనే తెల్లబోయాను.

ఆయన వాయించే తీరు గురించి చెప్పకపోతే ఇక నేను మాట్లాడి ప్రయోజనమే లేదు. ఓడలోంచి ఎత్తిన బరువుని క్రేన్‌వాళ్ళు దబాలున దింపరు. నేల తాకబోయే ముందు ఒక్క క్షణం ఆపి, ఊగడం తగ్గనిచ్చి, అప్పుడు దింపుతారు. సైలస్ స్వరం కూడా అంతే. డ్రమ్ము దెబ్బ పడ్డాక ఒక్క పిసరు ఆగి, మెత్తగా వచ్చి కూర్చునేది. ఆలస్యం అనుకుంటారేమో, కాదు. ఆ పిసరంత జాగాలోనే పాటకి ఊపిరి ఆడేది. గోరు తగలనిచ్చేవాడు కాదు. వేలి కండతోనే మీటేవాడు. తీగలు మార్చేవాడు కాదు, పాతబడ్డకొద్దీ మంచివనేవాడు. అందుకే ఆయన టోన్‌కి మెరుపు ఉండేది కాదు. మట్టికుండలో నీళ్ళలా చల్లగా, నల్లగా ఉండేది. చెవికంటే ముందు పొట్టకి తెలిసేది. అన్నిటికంటే గొప్ప సంగతి, ఆయనకి ఊరుకోవడం తెలుసు. ఎక్కడ వాయించకూడదో తెలిసినవాడు మళ్ళీ నాకు కనపడలేదు.

అప్పట్లో ఊళ్ళో లైట్‌హౌస్ అని ఒక రాక్ బ్యాండ్ ఉండేది. చక్రధర్ అనే డాక్టరుగారబ్బాయి దానికి నాయకుడు. పాడేది ఆయనే, ముందు నిలబడి గిటార్ వాయించేదీ ఆయనే, జుట్టు ఎగరేసేదీ ఆయనే. వెనక చీకట్లో నేనూ సైలసూ. 'ఉప్పుగాలి' అని ఒక పాట కట్టారు. రెండో చరణంలో ఒక వరుసంతా సైలస్ ఏమీ వాయించేవాడు కాదు. గొంతు ఒక్కటీ గాలిలో వేలాడుతూ ఉండేది. వరుస చివర అడుగు స్వరం ఒక్కటి వచ్చి దాన్ని పట్టుకునేది. కాలేజీ వేడుకల్లో ఆ చోట కుర్రాళ్ళు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయేవారు. మెచ్చుకోలు మాత్రం చక్రధర్ జుట్టుకి దక్కేది.

ఆ పాటలన్నీ క్యాసెట్టు చేద్దామని మద్రాసులో స్టూడియో మాట్లాడారు. సైలస్ తన వంతు వాయించి, సెలవు అయిపోయి, రైలెక్కాడు. చిన్నాచితకా అవసరం పడొచ్చని నన్ను అక్కడే ఉంచమన్నారు. అందుకే జరిగిందంతా మూలన నిలబడి నేను కళ్ళారా చూశాను.

చక్రధర్ పాట విని మొహం ముడిచాడు. "కింద ఏంటిది, మబ్బు పట్టినట్టు? మెరుపు లేదు. ఈ రోజుల్లో ఎవరు వింటారిలాంటిది?"

"అతన్ని మళ్ళీ పిలిపించండి సార్, ఇంకోలా వాయిస్తాడు," అన్నాడు రికార్డింగ్ ఆయన.

"వద్దులెండి. పాపం, బాధపడతాడు."

బాధపెట్టడం ఇష్టంలేక సైలస్ వాయించినదంతా తుడిచేశారు. కీబోర్డు వాయించే ఒకతన్ని పిలిచి, నా వంతంతా మీటల మీద కొట్టించారు. అతను చలాకీ మనిషి. దొరికిన సందునల్లా స్వరాలతో నింపేశాడు. రెండో చరణంలో సైలస్ వదిలిన ఆ వరుసలో గజ్జెలు కట్టి గంతులేశాడు. క్యాసెట్టు అట్ట మీద మాత్రం 'బేస్ గిటార్: జి. సైలస్' అని అలాగే ఉంచారు. అదీ దయే. మనుషులు దయ చూపిస్తున్నప్పుడు కాస్త దూరంగా జరగడం మంచిదని నాకు అప్పుడే అర్థమైంది.

క్యాసెట్టు వచ్చిన రోజు సైలస్ భార్య ఎస్తేరు ఇరుగుపొరుగునంతా కూర్చోబెట్టి టేపురికార్డరు పెట్టింది. సైలస్ వేళ్ళు మోకాలి మీద తన వరసలో కదిలాయి. పాట ఇంకో వరసలో పోయింది. వేళ్ళు ఆగిపోయాయి. అంతలో ఎస్తేరు ఆయన వైపు తిరిగింది. ఆవిడ అంతకుముందు ఒక్కనాడూ ఆయన వాయింపుని మెచ్చుకున్న పాపాన పోలేదు. నన్ను 'ఆ దుంగ' అని పిలిచేది.

"ఓలమ్మో, ఇంత బాగా వాయిస్తావేటి నువ్వు! నాకెప్పుడూ సెప్పనేదేటి?" అంది, మొహం వెలిగిపోతుంటే.

ఆయన నోరు తెరిచాడు. ఆవిడ మొహం చూసి మూసేశాడు. మద్రాసు నుంచి తిరిగొచ్చిన నేను గోడకి ఆనుకుని ఉన్నాను, నాకు ఏడుపొచ్చింది.

తరవాత చక్రధర్ ఎదురుపడి, "చిన్న మార్పులు చేశాం సైలసూ, ఏమీ అనుకోకు. పేరు నీదే ఉంచాం కదా," అన్నాడు. "సరే బాబూ," అన్నాడీయన. అంతే! ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలి చెప్పండి? బ్యాండ్ కొన్నాళ్ళకి చెదిరిపోయింది. సైలస్ మాత్రం ఏళ్ళ తరబడి సాయంత్రాలు డాబా మీద కూర్చుని, ఏ యంత్రానికీ తగిలించకుండా, ఉప్పుగాలిని తను వాయించినట్టే వాయించుకునేవాడు. వినేదాన్ని నేనొక్కదాన్నే.

ఆయన పోర్టు నుంచి రిటైరయ్యాక లోకానికి హఠాత్తుగా మేం గుర్తొచ్చాం. ఎవరో ఆ పాటని ఇంటర్నెట్లో పెట్టారట. కుర్రకారు వెర్రెత్తిపోయారు. బీచ్‌రోడ్డులో కాఫీ హోటల్ నడిపే నిఖిలేష్ అనే అబ్బాయి 'సైలస్ టోన్' అంటూ వ్యాసాల మీద వ్యాసాలు రాశాడు. చివరికి ఇంటికొచ్చి, సార్, మీకు సన్మానం చేస్తాం, మీరు ఉప్పుగాలి వాయించాలి అన్నాడు.

అబ్బాయి వెళ్ళాక సైలస్ నన్ను ఒళ్ళో పెట్టుకుని దుమ్ము తుడిచాడు. "ఈసారి సెప్పేద్దుమే," అన్నాడు నాతో. "అది నాది కాదని సెప్పి, నాది ఏటో వాయించేద్దుం. ఒక్కసారి ఇంటే సాలు." ఇన్నేళ్ళలో ఆ మనిషి ఏదైనా కావాలని అడగడం నేను విన్నది అదొక్కసారే.

సన్మానానికి హాలు నిండింది. చక్రధర్ కూడా వచ్చాడు. ఎగరేయడానికి జుట్టు లేదు గానీ దర్జా అలాగే ఉంది. ఎస్తేరు కొత్త చీరలో ముందు వరసలో కూర్చుంది. నిఖిలేష్ పాటని ముక్కముక్కలుగా వినిపిస్తూ ప్రసంగించాడు.

"ఈ టోన్ వినండి, గాజులా ఎలా మెరుస్తోందో! రెండో చరణం చూడండి, ఎక్కడైనా ఖాళీ ఉందా? ఇంత వేగం తీగల మీద సాధ్యమేనా అసలు?"

సాధ్యం కాదు నాయనా, అది కీబోర్డు మీట కాబట్టి సాధ్యమైంది, అని నేను లోలోపల అరుస్తూనే ఉన్నాను.

సైలస్ లేచి మైకు అందుకున్నాడు. "అయ్యలారా, అమ్మలారా. మీరిప్పుడు ఇన్నారే, అది నాది కాదండి. నాను వాయించింది కాదండి."

చెప్పేశాడు! నాకు ప్రాణం లేచొచ్చింది.

మరుక్షణం చప్పట్లు! పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. "చూశారా ఆ వినయం!" అని నిఖిలేష్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంత వాయించి కూడా నాది కాదంటున్నారు. అంతా ఆ దేవుడిదే అంటున్నారు!" ముందు వరసలోంచి ఎస్తేరు రెండు చేతులూ ఎత్తి, "ప్రభువుకి స్తోత్రం!" అంది. చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్ళంతా ఘనత నాది కాదు, దేవుడిదే అని మొదలుపెట్టడం ఆవిడ పుట్టినప్పటినుంచీ వింటోంది మరి.

"అది కాదండి, నిజింగానే..." అని సైలస్ మళ్ళీ మొదలుపెట్టాడు. చక్రధర్ శాలువాతో దగ్గరికొచ్చి, "మా సైలస్ మొదటినుంచీ ఇంతే!" అని మైకులో నవ్వాడు. శాలువా కప్పుతూ చెవిలో, "ఇప్పుడెందుకు సైలసూ, వదిలెయ్," అన్నాడు. నేను సైలస్ భుజానే ఉన్నాను, నాకు స్పష్టంగా వినపడింది.

సరే, చెప్పడం కుదరలేదు, వాయించి చూపిద్దామనుకున్నాడు. వాయించాడు. ఆహా, ఏం వాయించాడు! వయసు మీదపడ్డ వేళ్ళు గానీ స్వరం ఒక్కటి తొణకలేదు. అదే చల్లదనం, అదే నలుపు. రెండో చరణంలో చెయ్యి తీసేసి ఊరుకున్నాడు. నా తీగలు నాలుగూ ఊపిరి బిగబట్టాయి. వరుస చివర అడుగు స్వరం దింపాడు. పోర్టులో ఏ బరువూ అంత మెత్తగా నేలకి దిగి ఉండదు.

పైకెత్తిన ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. "మర్చిపోయినట్టున్నారు పాపం," అన్నారెవరో. "ఆ మెరుపు పోయింది, వయసు కదా," అన్నారింకెవరో. చప్పట్లు కొట్టారు, జబ్బుమనిషిని పలకరించినట్టు. నిఖిలేష్ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, "పర్లేదు సార్, రికార్డు ఉంది కదా, అది శాశ్వతం," అని ఓదార్చాడు.

వేదిక వెనక మెట్లు దిగుతుంటే ఎస్తేరు ఎదురొచ్చింది. ఆవిడ మొహంలో బెంగ. "అదేటి, పాటలో వాయించినట్టు వాయించలేదేటివాళ? ఒంట్లో బాగుందా?"

ఇప్పుడు చెప్పవయ్యా అనుకున్నాను. ఇక్కడ మైకు లేదు, జనం లేరు, నీ పెళ్ళాం ఒక్కతే, చెప్పు. సైలస్ ఆవిడ మొహంలోకి చూశాడు.

"అది అప్పటి సెయ్యి ఎస్తేరూ," అన్నాడు. "ఇప్పుడలా రాటం నేదు."

ఆ మాట అనేసి, నన్ను భుజం మీంచి తీసి, వెనకాలే వచ్చి తన హోటల్లో ప్రదర్శనకి అడుగుతున్న నిఖిలేష్ చేతిలో పెట్టాడు. ఒకసారి తీగల మీద అరచెయ్యి ఆనించి, మోగకుండా పట్టుకుని, వదిలేశాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు అద్దాల పెట్టెలో ఉన్నాను. కింద 'ఉప్పుగాలిని పలికించిన గిటార్' అని బోర్డు, పైన స్పీకరులో పొద్దస్తమానం ఆ కీబోర్డు గంతులు. జనం అద్దం మీద వేళ్ళు ఆనించి, ఏం టోన్, ఏం టోన్ అని పరవశించిపోతుంటారు. పెళ్ళాంతో అబద్ధం ఆడి నన్ను ఇక్కడ పారేసినందుకు సైలస్ మీద నాకు కోపం ఉండాలి. లేదు. నిజం కూడా ఒకసారి చెప్పి చూశాడు కదా. చప్పట్లు కొట్టారు.