రేడియేటర్‌లో మిగిలిన గాలి

లింగానికి ఒక జబ్బుంది. ఏ మరమ్మతూ ఇంకొకరి చేతికి ఇవ్వడు. పటాన్‌చెరు దగ్గరి ఫ్యాక్టరీలో పదహారేళ్లుగా ఫిట్టర్ పని. పైపులో గాలి చిక్కుకుని నీళ్ల లైను మొరాయిస్తే సూపర్‌వైజర్ మొదట కేకేసేది అతన్నే. అలాంటివాడు సొంత కారుకు మెకానిక్‌ను పిలుస్తాడా? నామర్దా కాదూ!

ఆదివారం అతని భార్య సుమిత్రకు సంగారెడ్డిలో పరీక్ష. సర్కారు హాస్టల్లో వార్డెన్ ఉద్యోగానికి. మందుల కంపెనీ ప్యాకింగులో నిలబడి నిలబడి ఆమె కాళ్ల నరాలు ఉబ్బిపోయాయి. వచ్చే నోటిఫికేషన్ నాటికి వయసు దాటిపోతుంది, కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. తొమ్మిదిన్నరకు గేటు మూస్తే మళ్లీ తెరిచేది లేదు.

"బస్సుకు పోతనయ్యా" అందామె.

"ఇంట్ల కారు పెట్టుకొని బస్సుకేంది? రాణి లెక్క తీస్కపోత" అన్నాడు లింగం.

ఆ మాట నిలబెట్టుకోవాలనే శనివారం పొద్దున్నే కర్దనూర్‌లో ఇంటిముందు కారు పెట్టుకుని, రేడియేటర్‌లో ఇంజన్‌ను చల్లబరిచే పాత కూలెంట్ దింపేసి కొత్తది పోశాడు. పోస్తే చాలదు. మూత తీసిపెట్టి ఇంజన్ నడపాలి, లోపలి గాలి బుడగలుగా బయటికొచ్చేదాకా పోస్తూనే ఉండాలి. లింగానికి తెలియక కాదు. సరిగ్గా తాళం తిప్పబోతుంటే తల్లి బీరమ్మ కొబ్బరికాయతో ఊడిపడింది.

"రాహుకాలం వస్తుందిరా! జల్దీ మూసి బొట్టు వెట్టు. రేపు కోడలు మంచి పని మీద పోతుంది."

లింగం మూత బిగించి, బోనెట్ దించి, పసుపూ కుంకుమా పెట్టాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి కారును నాలుగడుగులు నడిపాడు. ఆనక కొబ్బరిముక్క నములుతూ ఇంట్లోకి పోయాడు. బుడగల సంగతి బుర్రలోంచి జారిపోయింది.

ఆదివారం ఎనిమిదింబావుకు ఇస్నాపూర్ దాటారో లేదో, టెంపరేచర్ ముల్లు పైకి ఎగబాకింది. లింగం హీటర్ వేసి చూశాడు. చల్లగాలి కొట్టింది. ఇంజన్ అంత కాగుతుంటే హీటర్‌లో చల్లగాలి రావడమంటే వేడినీళ్లు అక్కడిదాకా పోవడంలేదని, దారిలో గాలి అడ్డం కూర్చుందని అర్థం. కారు పక్కకు తీసి ఆపాడు.

"ఏమైంది?" అంది సుమిత్ర.

"ఏం కాలె. జెర గాలి పట్టింది. చల్లారినంక తీసేస్త."

"ఆటోల పోనా?"

"ఏందే, నా మీద నమ్మకం లేదా?"

నమ్మకం ఉంది. వచ్చిన చిక్కల్లా అదే. ఇరవై రెండేళ్ల కాపురంలో అతను బాగుచేస్తానన్నది బాగుకాకపోవడం ఆమె చూడలేదు. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని నోట్సు తెరిచింది.

కాగిన రేడియేటర్ మూత తీస్తే మొహం ఉడికిపోతుంది. చల్లారేదాకా ఫిట్టరైనా, వాణ్ణి పుట్టించినవాడైనా ఆగాల్సిందే. లింగం తువ్వాలతో ఇంజన్‌కు విసరడం మొదలుపెట్టాడు. దానివల్ల లాభం లేదని తెలిసీ విసిరాడు. ఊరికే నిలబడలేక.

పావుగంట పోయింది. ఇంకో పది నిమిషాలూ పోయాయి. గుడ్డ చుట్టి మూత మెల్లగా విప్పాడు. తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ అందులో పోశాడు. పైపు మీద గాలి పోవడానికి ఉండే స్క్రూ వదులు చేసి ఇంజన్ నడిపాడు. బుస్సుమంది. ఒక బుడగ, ఆగి ఇంకొకటి. నీళ్లు కొంచెం దిగాయి. మళ్లీ బుడగ.

"అయిపాయె, ఇగో అయిపాయె" అంటూనే ఉన్నాడు.

తొమ్మిదికి రెండు నిమిషాలుందనగా సుమిత్ర నోట్సు మూసింది. చెయ్యెత్తి షేర్ ఆటో ఆపి ఎక్కింది. ఆ ఆటో నూరు గజాలు పోయి ఇంకొకరి కోసం ఆగింది. ఆ ఎక్కేవాడు డ్రైవర్‌తో కిరాయి బేరమాడుతున్నాడు. అది చూసి లింగానికి ఏడుపొచ్చింది. పరుగెత్తి వెనకనుంచి తోయాలనిపించింది.

బుడగలు ఆగేసరికి తొమ్మిదీ ఇరవై. హీటర్ భగ్గున వేడిగాలి కొట్టింది. ముల్లు సగంలో నిలిచి, సంగారెడ్డి దాకా అక్కడినుంచి కదల్లేదు. ఆ కారు అంత బాగా ఎన్నడూ నడవలేదు. అంత బాగా నడుస్తున్నకొద్దీ లింగానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

పరీక్ష కేంద్రం గోడవారగా సుమిత్ర కూర్చుని ఉంది.

"మూడు నిమిషాలు" అంది. "గేటు కాడ పోలీసామె గూడ కండ్లు తుడ్సుకుంది. గని తియ్యలె."

లింగం పక్కన కూలబడ్డాడు. "తిట్టు సుమిత్రా. నాలుగు కొట్టు."

ఆమె తిట్టలేదు. "బండి మంచిగైందా?" అని అడిగింది.

"అయింది."

"మంచిదే" అని లేచి చీర దులుపుకుంది. కారెక్కి తలుపు వేసుకున్నాక, అతని వైపు చూడకుండా అంది: "రేపటి సంది నాలుగు గంటలకు లేపకు నన్ను. షిఫ్టు టైముకే లేస్త."

రెండేళ్లుగా రోజూ ఆమెను చదువుకు లేపి, చేతికి చాయ్ అందిస్తున్నది లింగమే. తాళంచెవి పట్టుకుని కూర్చున్నాడు. బండి తీయడానికి చేతులు రాలేదు.