గంగామణి చేతి గడ్డ

గంగామణి కుడి బొటనవేలి కింద చింతగింజంత గడ్డ లేచి పన్నెండేళ్లయింది. నొప్పి లేదు, గిప్పి లేదు, ఆమె పట్టించుకోలేదు. ఈ ఏడు మాత్రం అది పెరిగి, బీడీ చుట్టబోతే అడ్డమొస్తోంది. ఎల్లారెడ్డిలో డాక్టరు నొక్కి చూసి, కామారెడ్డికి పోయి కోయించుకొమ్మన్నాడు. కోయడం అనగానే ఆమె పైప్రాణం పైనే పోయింది. చెయ్యి పోతే బీడీ పోయె, బీడీ పోతే బతుకేముంది?

డాక్టరుకు చెప్పని సంగతొకటుంది. పన్నెండేళ్ల కింద, మరిది పెళ్లాం, యారాలు ప్రమోద నాట్లకు పోయిన మధ్యాహ్నం, గంగామణి ముళ్లకంప దాటి ఆమె కోడిపెట్టను పట్టుకొచ్చి కూర వండేసింది. సాయంత్రం ప్రమోద పోచమ్మ ముందు మన్నెత్తి పోసి, "నా కోడిని తిన్నదాని చెయ్యి పుండువడ!" అని వాడకట్టంతా వినేలా తిట్టింది. ఆ తిట్టే గడ్డయి కూర్చుందని గంగామణి నమ్మకం. తిట్టిన నోరే వాపసు తీసుకుంటే తప్ప అది దిగదు మరి. అందుకే కామారెడ్డికి తోడు రమ్మని యారాలినే బతిమాలింది.

బస్సు లింగంపేట దాటగానే గంగామణి నిజం కక్కేసింది. "నీ కోడిని తిన్నది నేనే చెల్లే. నీ తిట్టు వాపస్ తీసుకో, నీ కాల్మొక్త."

ప్రమోద నోటికి ఊళ్లో కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయి. అలాంటిది మొహం పాలిపోయి, "తీసుకున్న, తీసుకున్న. పోనీ తియ్యక్కా" అని కిటికీ వైపు తిరిగింది. గంగామణికి భయం ఇంకా ఎక్కువైంది.

ఆస్పత్రిలో మత్తుసూది వేసి పావుగంటలో కోసేశారు. డాక్టరమ్మ పళ్లెంలో నల్లటి ముల్లుముక్క చూపించింది. "ఎన్నడో గుచ్చుకుని లోపలే విరిగింది. దాని చుట్టూ కండ పెరిగిందంతే. ప్రమాదమేం లేదమ్మా, గాయం మానగానే బీడీలు చుట్టుకోవచ్చు."

గంగామణికి సంతోషంతో ఏడుపొచ్చింది. మరుక్షణమే అసలు సంగతి తట్టింది. శాపం లేదు, గీపం లేదు. వట్టి ముల్లుకు జడిసి తన దొంగతనం తానే చెప్పుకుంది! ఇక వాడకట్టులో తలెత్తేదెట్లా?

ఇంతలో ప్రమోద రెండు చేతులూ డాక్టరమ్మ ముందు చాపింది. "నావి గూడ చూడుండ్రి మేడం. గడ్డ గిట్ల ఉన్నదా?"

డాక్టరమ్మ తిప్పి చూసి ఏమీ లేదంది.

"మరి తిట్టిన తిట్టు తిరిగొచ్చి తగుల్తదా?"

"తిట్లకు గడ్డలు లేవవమ్మా" అని డాక్టరమ్మ నవ్వింది.

ప్రమోద హమ్మయ్య అనుకుని యారాలి వైపు తిరిగింది. "అయితే చెప్త అక్కా. గా కోడి నాది గాదు, నీదే. పిల్లగున్నప్పుడు మా ఇంట్లకొస్తే గంప కింద కమ్మేసిన."

కట్టు కట్టిన చెయ్యి అని కూడా చూసుకోకుండా లేచింది గంగామణి. "ఓసి నీ నోట్ల మన్నువడ! నా కోడిని నేను తిన్నందుకు పన్నెండేండ్లు నీకు భయపడ్డనే!"