లామినేషన్ చేసిన రిపోర్టు

పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని కోడలి పక్కన కూర్చుని, అత్త తన కొడుకు మగతనంతో విసురుకుంటోంది. ఆసుపత్రి రెండో అంతస్తులో కరెంటు పోయి అరగంటయింది. ఆపరేషన్ గదులకు జనరేటరు ఉంది కానీ, బయట బెంచీల మీద పడి ఉన్నవాళ్లకి ఫ్యాన్లు తిప్పేంత దయ దానికి లేదు. అత్త చేతిలో ఉన్నది అట్టలా బిగుసుకున్న ప్లాస్టిక్ కాగితం. దాని మీద కొడుకు పేరు, నాలుగు వరసల అంకెలు, కింద అంతా బాగానే ఉందని ఇంగ్లీషులో ఒక్క మాట, ఆ మాట పక్కన గుండ్రటి ముద్ర.

ఆరేళ్ల కిందట ఆ రిపోర్టు ఇంటికొచ్చిన రోజే అత్త దాన్ని వీధి చివర జిరాక్స్ షాపుకి పట్టుకెళ్లి లామినేషన్ చేయించింది. ఇంటి కాగితాలకి కూడా దక్కని మర్యాద అది. అప్పటి నుంచి ఎవరు "ఇంకా ఏమీ లేదా" అని అడిగినా బీరువాలోంచి తీసి చూపిస్తుంది. చుట్టాలు చూశారు, పక్కింటివాళ్లు చూశారు. అద్దె కోసం వచ్చిన ఇంటి ఓనరుకి కూడా చూపిస్తే, ఆయన ఏమనాలో తోచక "బాగుందమ్మా" అని వెళ్లిపోయాడు. లోపం మావాడిది కాదు అని వేరే చెప్పాల్సిన పని లేకుండా పోయింది. ఇక మిగిలింది ఎవరో అందరికీ తెలుసు.

"ఏమే, నీరసంగా ఉందా?" అంది అత్త.

"ఉంది."

"ఓర్చుకో. పిల్లలు ఊరికే పుడతారా?"

కోడలు ఓర్చుకుంటూనే ఉంది. స్కూలు బ్యాగుల కంపెనీలో రోజుకి నాలుగు వందల జిప్పులు కుట్టే మనిషి. అక్కడ అందరూ జిప్పులమ్మ అని పిలుస్తారు. నెలకి పద్నాలుగు వేలు. మూడేళ్లుగా ఆ జీతం పొట్టలో గుచ్చుకునే ఇంజెక్షన్లకీ, ఒళ్లంతా ఉబ్బించే మాత్రలకీ పోతోంది. గర్భసంచిలోకి రంగు ఎక్కించి ఫొటోలు తీశారు. ఆ రోజు ఆమె పెట్టిన కేకలకి వరండాలో కూర్చున్న పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఇవాళ బొడ్డు దగ్గర కోసి, లోపలికి కెమెరా పంపి చూస్తారట. అందుకు నలభై వేలు.

మొగుడు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆక్సిజన్ ప్లాంటులో పని. డెబ్బై కిలోల గ్యాసు బండను ఒక్కడే భుజానికెత్తి లారీలో పెట్టేవాడని తోటివాళ్లు అతనికి సిలిండర్ అని పేరు పెట్టారు. కరోనా రోజుల్లో ప్లాంటు ముందు లారీలు వరస కడితే నడుం వాల్చకుండా లోడు చేశాడు. అక్కడే అంటుకుంది. తను మోసిన బండలతోనే పంతొమ్మిది రోజులు ఊపిరి తీసుకున్నాడు. బతికి బయటపడ్డాడు గానీ, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇప్పుడు గేటు దగ్గర కూర్చుని లారీ నంబర్లు రాస్తాడు. తోటివాళ్లు పేరు తీసేయలేదు, ముందు ఒక మాట కలిపారు. ఖాళీ సిలిండర్ అంటారు. అందరూ నవ్వుతారు. అతనూ నవ్వుతాడు.

కరోనాకి ముందు ఆమెకి ఒకసారి కడుపు నిలిచింది. మూడో నెలలో పోయింది. అప్పుడు ఇద్దరికీ పరీక్షలు చేస్తే వచ్చిందే ఈ అట్ట. ఆ తర్వాత మళ్లీ నిలిచింది లేదు.

మత్తు ఇచ్చే డాక్టరమ్మ ఫైలు పట్టుకుని వచ్చింది. చిన్న వయసు, కళ్ల కింద నిద్రలేని నలుపు.

"ఆయాసం, దగ్గు లాంటివి ఉన్నాయా? కరోనా వచ్చిందా?"

"నాకు రెండు రోజుల జ్వరంతో పోయింది. మా ఆయనకే పంతొమ్మిది రోజులు ఆక్సిజన్ పెట్టారు."

డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తున్నదల్లా ఆగింది. "ఆయన రిపోర్టు ఏది?"

అత్త విసురుకోవడం ఆపి, అట్టను చీర చెంగుతో తుడిచి ఇచ్చింది. డాక్టరమ్మ తేదీ చూసింది.

"ఇది ఆరేళ్ల కిందటిది కదమ్మా."

"పాతదైతే ఏం? ఒక్క అక్షరం చెరగలేదు. లామినేషన్ చేయించాను."

"కాగితం చెరగదమ్మా. నేను మనిషి సంగతి అడుగుతున్నాను. ఇది కరోనాకి ముందుది. అంత జబ్బు చేస్తే మగవాళ్లలో వీర్యకణాలు తగ్గొచ్చు, వాటి కదలిక తగ్గొచ్చు. చాలామందికి కొన్ని నెలల్లో మామూలైపోతుంది. కొందరికి ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు. ఈయనకి ఏమైందో, అసలు ఏమైనా అయిందో లేదో, పరీక్ష చేస్తేగానీ తెలీదు. ఫైల్లో రెండుసార్లు రాశారు, భర్తకి మళ్లీ చేయించమని. ఎందుకు చేయించలేదు?"

అత్త అట్టను వెనక్కి లాక్కుని మళ్లీ విసురుకోసాగింది.

"నా పని మత్తు ఇవ్వడం. పెద్ద డాక్టరుగారికి చెప్పి చూస్తాను. ఆయన చేద్దామంటే చేయాల్సిందే," అని ఆమె వెళ్లిపోయింది. చెప్పే ఉంటుంది. మూడు వందల పరీక్ష కోసం నలభై వేల ఆపరేషన్ ఆపే ఆసుపత్రిని ఇంకా ఎవరూ కట్టలేదు.

"రెండుసార్లు రాశారంట కదా అత్తా," అంది కోడలు.

"రాస్తారు. వాళ్ల చేతిలో పెన్నుంది."

"డాక్టర్లతో మాట్లాడేది నువ్వే కదా. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి? చావు తప్పి బయటపడ్డవాణ్ని డబ్బా చేతికిచ్చి గదిలోకి పంపమంటావా? సిగ్గుండక్కర్లేదా?"

"నన్ను ముగ్గురు మగ డాక్టర్లు చూశారు. అప్పుడు ఎవరికీ సిగ్గెయ్యలేదు."

"ఆడదానికి తప్పుతుందా."

ఆ మాట అత్త కోపంగా అనలేదు. వాన పడితే తడుస్తాం అన్నట్టు అంది. తనకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు.

కోడలు లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆసుపత్రివాళ్లు వేసిన పచ్చ గౌను వెనక తాళ్లు ఊడిపోతుంటే ఒక చేత్తో పట్టుకుంది.

"నువ్వు చెప్పు. ఎప్పుడైనా చేయించుకున్నావా?"

సిలిండర్ కిందికి చూశాడు. "పోయినేడు ఒకసారి వెళ్లాను."

వెనక అట్ట చప్పుడు ఆగిపోయింది.

"డ్యూటీ దిగి వెళ్లి ఇచ్చొచ్చాను. సాయంత్రం రిపోర్టు తీసుకోమన్నారు."

"ఏముంది అందులో?"

"తెలీదు. తీసుకోలేదు. ల్యాబు మెట్ల దాకా వెళ్లి వెనక్కొచ్చేశాను. ప్లాంటులో వాళ్లంటే నవ్వేస్తాను. అదే మాట కాగితం మీద రాసిస్తే..."

"ఏ నెలలో?"

"ఎండలు ముదరకముందు."

ఆమె మనసులోనే నెలలు లెక్కేసుకుంది. "నాకు రంగు ఎక్కించింది ఆ ఏడే, నడి ఎండల్లో. స్ట్రెచరు మీద బయటికి తెస్తే నా చెయ్యి పట్టుకున్నావు. ఆడవాళ్లకి ఇవి తప్పవు, ఓర్చుకో అన్నావు. అప్పటికే నీకు అనుమానం ఉంది."

"ఉంది," అన్నాడు.

అబద్ధమాడినా బాగుండేది. ఆ ఒక్క మాటకి జిప్పులమ్మకి అరికాలి నుంచి నడినెత్తి దాకా మండిపోయింది. అతని మీద జాలి లేదని కాదు. ఉంది, ఇన్నేళ్లూ ఆ జాలితోనే బతికింది. అతనికి మాత్రం ఆమె మీద ఒక్క కాగితమంత జాలి లేకపోయింది.

సిస్టర్ వచ్చి ప్యాడుకి తగిలించిన ఫారం ముందు పెట్టింది. "ఇక్కడ సంతకం పెట్టమ్మా. తర్వాత నీదే."

"పెట్టను."

"భయమా? మత్తులో ఏమీ తెలీదు."

"భయం కాదు సిస్టర్. మా ఆయన పరీక్షకి డబ్బా కావాలి. ఎక్కడిస్తారు?"

సిస్టర్ ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "కింద ల్యాబులో. కానీ ఇవాళ వద్దంటే కట్టిన అడ్వాన్సు తిరిగి రాదు. మళ్లీ నెలకి గానీ ఖాళీ లేదు."

"సరే."

జిప్పులమ్మ తన సంచిలోంచి మూడు వందలు తీసుకుని, అదే గౌనుతో, ఉత్త కాళ్లతో మెట్లు దిగింది. బెంచీల మీది జనం ఆమెనే చూశారు. చూస్తే చూడనీ అనుకుంది, చూపించుకోవడం మూడేళ్లుగా అలవాటే. పది నిమిషాలకి చిన్న ప్లాస్టిక్ డబ్బాతో తిరిగొచ్చింది. దాని మీద మొగుడి పేరు రాసి ఉంది. తెచ్చి అతని చేతిలో పెట్టింది.

అత్త గొంతు తగ్గించింది. "మర్యాదగా లోపలికి వెళ్లు. ఇవాళ వెళ్లకపోతే మళ్లీ నా గడప తొక్కకు. గొడ్రాలిని ఇన్నాళ్లు పోషించింది చాలు. వాడికి ఇంకో సంబంధం చూసుకుంటాను."

"చూడత్తా. ఆ పిల్లకి కూడా ఈ అట్టే చూపిస్తావా?"

అత్త కొడుకు వైపు చూసింది. కొడుకు డబ్బా వైపు చూస్తున్నాడు.

జిప్పులమ్మ బెంచీ కింద ఉన్న నీళ్ల సీసా అందుకుంది.

"తాగకమ్మా," అంది సిస్టర్. "నీళ్లు తాగితే ఇవాళ మత్తు ఇవ్వరు."

"తెలుసు."

మూత తీసి, కూర్చుని, గుటక తర్వాత గుటక, సీసా అడుగు కనిపించేదాకా తాగింది. నీళ్లు గడ్డం మీదుగా కారి గౌను తడిసింది. సిస్టర్ చేతిలోని లిస్టులో ఆమె పేరు కొట్టేసి, తర్వాతి పేరు పిలిచింది. గోడ వారగా కూర్చున్న ఇంకో పచ్చ గౌను లేచి వెళ్లింది.

కరెంటు వచ్చి ఫ్యాను తిరగడం మొదలైంది. అత్త అట్టను ఒళ్లో బోర్లా పెట్టుకుంది. సిలిండర్ మెట్ల మొదట్లో నిలబడ్డాడు. ఒకప్పుడు డెబ్బై కిలోల బండ ఎత్తిన ఆ చేతిలో ఇప్పుడు ఖాళీ డబ్బా ఉంది. కిందికి దిగలేదు, వెనక్కి రాలేదు. అతని వెనకాలే జనం ఆగిపోయి, "దిగేదుంటే దిగు, లేకపోతే దారియ్యి," అంటున్నారు.