ఎర్ర దీపాలు లేని లారీ

గౌరికి ఒళ్లు మండిపోయింది. సిగ్గూ ఎగ్గూ లేని మనుషులుంటారని వింది గానీ, అలాంటివాడొకడు రిమోట్‌తో నడిచే బొమ్మ లారీ తెచ్చి తన కొట్లో బల్ల మీదే పెడతాడని అనుకోలేదు.

"ఎల్లుండి కొత్త ఆఫీసు ఓపెనింగే గౌరీ. అచ్చం మన లారీల రంగే ఏయించాను. ఇదే ఎల్లి రిబ్బను తెంచాల. ముందు లైట్లెలగాల, బ్రేకేస్తే ఎనక ఎర్రగా ఎలగాల," అన్నాడు లారీల ఓనరు జగన్నాధం. "మీ అన్న సంగతి ఏరు, పని ఏరు. మనసులో ఎట్టుకోకు."

మనసులో కాక నెత్తిన పెట్టుకుంటారా? ఎనిమిది నెలల కిందట, పొద్దున్నే మంచులో, పంచరై రోడ్డు వారన ఆగిన ఇతని లారీని వెనకనుంచి బస్సు గుద్దింది. టైరు మారుస్తున్న డ్రైవరు, గౌరి అన్న గిరిబాబు అక్కడే పోయాడు. "లైట్లు బాగానే ఉన్నాయి, డ్రైవరే వెయ్యలేదు" అని పోలీసులకు చెప్పాడు జగన్నాధం. వెనక దీపాలు వెలగడం లేదని గిరిబాబు ఇతనికి మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ "సోమారం సూద్దాం" అనిపించుకున్నాడు. శృంగవరపుకోటలో ఈనాటికీ అతని పేరెత్తితే "లైట్లేసుకోక సచ్చినోడు" అంటారు. అన్న పోయిన దుఃఖం కన్నా ఆ మాటే గౌరిని ఎక్కువ కోస్తోంది.

పొమ్మనే మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"సేస్తాను బాబూ," అంది.

ఫోన్లు బాగుచేసే ఆ కొట్లో ఇలాంటి పని ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ముందు తెల్ల ఎల్‌ఈడీలకు, పక్కన పసుపు ఇండికేటర్లకు రెసిస్టర్లు కలిపి టంకం పెట్టింది. వెనక రంధ్రాల దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎర్రవి రెండూ చున్నీ చివర ముడేసుకుంది.

ఓపెనింగు రోజు జగన్నాధం బొమ్మ లారీ చక్రాల కింద కూడా నిమ్మకాయలు పెట్టించాడు. డ్రైవర్లంతా చుట్టూ నిలబడ్డారు, వాళ్ల పక్కనే గౌరి. బొమ్మ దీపాలు వెలిగించుకుని వెళ్లి రిబ్బను తెంచింది. చప్పట్లు కొట్టారు. జగన్నాధం బ్రేకేశాడు. వెనక ఏమీ వెలగలేదు. మళ్లీ వేశాడు. ఎత్తి తిరగేసి చూశాడు.

"ఏటే ఇది? ఎనక వైరే నేదు! ఎనక లైట్లు నేకండా లారీని ఎవులైనా రోడ్డెక్కిత్తారేటే? బుద్ధుండక్కర్నేదా?"

"మా అన్న కూడా అదే అడిగాడు బాబూ నిన్ను. మూడుసార్లు! బొమ్మకి కావలసిన లైట్లు మా అన్నకి అక్కర్నేదేటి?"

"నోర్ముయ్! ఆడే ఎయ్యనేదు. లైట్లు నేవని ఎవులు సూసారే?"

డ్రైవర్లు తలలు దించుకున్నారు. ఎనిమిది నెలలుగా ఇదే మౌనం. ఓనరు మీద కన్నా వీళ్ల మీదే గౌరికి ఎక్కువ కోపం వచ్చింది.

"అన్నం తినే నోళ్లేనా మీవి?" అని అరిచింది.

ముసలి డ్రైవరు కూర్మయ్య జేబులోంచి లారీ తాళం తీసి ఓనరు బల్ల మీద పెట్టాడు.

"నేను సూసాను. ముందురోజు షెడ్డులో నా ముందే ఏసి సూసాడు గిరి. ఎలగనేదు. నా బండికీ ఇయ్యాల్టికీ నేవు."

దాని పక్కన ఇంకో తాళం పడింది. తర్వాత మరొకటి. "సోమారం సూద్దాం," అన్నాడు జగన్నాధం. ఒక్కరూ తాళం వెనక్కి తీసుకోలేదు.

"ఈ మాట టేషన్లో సెప్తావా తాతా?" అంది గౌరి.

"పదమ్మా," అన్నాడు కూర్మయ్య. "అప్పుడే సెప్పాల్సింది."