వంటావార్పు ముద్ద

జ్యోతికకు ఒక్క పూట అన్నం పెట్టడమంటే గీతకు ఓ యజ్ఞం. ఆరేళ్ల పిల్ల, సెరిబ్రల్ పాల్సీ. మెడ నిలవదు, ఒళ్లు కొయ్యబారిపోతుంది, తిన్నది గొంతులోకి ఎగదన్నుకొస్తుంది. పులుపూ కారమూ తగలకూడదు, మెత్తగా పిసికి కొంచెం కొంచెంగా పెట్టాలి, తిన్నాక చాలాసేపు నిటారుగా ఎత్తుకోవాలి, లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరు చెప్పాడు. గీత అక్షరం తప్పలేదు. చంపాపేట్‌లోని తమ కిరాయి గదిలో మంచం తలవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేసింది కూడా.

ఇంటి ఓనరు అండాలమ్మ మాత్రం ఏనాడూ పిల్లను ముట్టుకోలేదు, వాంతి చేస్తుందని భయం. ఫంక్షన్లకు పిలిస్తే "పిల్లను ఎవరికన్న అప్పజెప్పి రా బిడ్డా" అనేది. ఎవరికి అప్పజెప్పాలి, గోడలకా?

ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. బండ్లు ఆపి, నడిరోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, అందరూ ఒకే బంతిలో కూర్చుని తినడం.

"పిల్లనెత్తుకొని నువ్వు గూడ రా. తెలంగాణ అందరిది" అంది అండాలమ్మ.

గీత తన చెవులను తానే నమ్మలేకపోయింది.

బంతిలో అండాలమ్మ వంగి, పచ్చిపులుసు కలిపిన ముద్ద తన చేత్తో జ్యోతిక నోట్లో పెట్టింది. పిల్ల చప్పరించి కిలకిలా నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనున్నామె ఇంకో ముద్ద పెట్టింది. వద్దనే మాట గీత నోటిదాకా వచ్చింది. కానీ ఇన్నేళ్లకు పిల్లను ఒక మనిషిగా లెక్కేసి బంతిలో కూర్చోబెడితే, ఏ తల్లి చెయ్యి అడ్డం పెడుతుంది?

"నిద్రొస్తున్నట్టుంది పాపం, జర చాప మీద పండవెట్టు" అంది అండాలమ్మ.

గీత పడుకోబెట్టింది.

కాసేపటికి చూస్తే పిల్ల పెదాలు నీలం. ఏడుపు లేదు, ముక్కులోంచి పులుసు కారుతోంది. ఎక్కుదామంటే బండి లేదు, ఆపింది తామేనాయె! గీత పిల్లను భుజాన వేసుకుని పొయ్యిల మధ్య నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు పరుగెత్తింది. "జరుగున్రి, తొవ్వియ్యున్రి!" అంటూ అండాలమ్మ గుండెలు బాదుకుంటూ వెంట పడింది. దారిలో ఎవరిదో బండి దొరికేసరికి పిల్ల ఒళ్లు చల్లబడింది.

జ్యోతిక బతికింది. దవాఖానలో చాన్నాళ్లున్నాక, తిండి నేరుగా పోయేలా పొట్టలోకి గొట్టం వేసి పంపించారు. ఇక నోట్లో ఏదీ పెట్టొద్దన్నారు.

ఇల్లు చేరిన రోజు అండాలమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. "పులుపు లేకుంట, కారం లేకుంట మెత్తగ వండుకొచ్చిన బిడ్డా. నా చేత్తోనే తినిపిస్త."

వేడి అన్నం వాసనకు జ్యోతిక నోరు తెరిచింది. ఈసారి గీత చెయ్యి అడ్డం పెట్టింది.