నాలుగు వందల ముళ్ళు

సిరిసిల్లలో మా బావ ఎల్లేశం ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆపి, అలవాటు ప్రకారం మేనకోడల్ని ఆటపట్టిస్తూ వాకిట్లోంచే గొంతు చించుకున్నాను. "ఓ మిక్స్‌డ్ మీడియా! మిక్చర్ పొట్లం తెచ్చిన, మీడియం చాయ్ పొయ్యి!"

ఎవరూ నవ్వలేదు.

కోరుట్లలో నేను బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు నా బోర్డు తిప్పేశాక ట్రాలీ తిప్పుకుంటున్నాను. నేను రంగు వెలిసినవాణ్ణి కనుక నాకు మేనకోడలు మాధవి వేసే రంగులంటే ప్రాణం. ఆమె పటం ఇవాళ నాలుగింటిలోగా జగిత్యాల ప్రదర్శనకు చేరాలి. ఇదివరకు మూడు పంపితే మూడూ వాపసొచ్చాయి. "గిదే ఆఖరు మామా. గిది గూడ పోతే బట్టల షాపుల కూసుంట" అని ఫోన్లో ఏడ్చింది.

లోపల మాధవి నేల మీద కూలబడి ఉంది. ఎదురుగా ఆరడుగుల చెక్క చట్రం. దాని నిండా పడుగులాగా నిలువునా బిగించిన నీలం పోగులు. అంచుల్లో పాత చీరముక్కలు అతికించింది, నీడల కోసం సాంచాకు, అంటే మరమగ్గానికి, పెట్టే గ్రీజు పూసింది. ఇలా నానా సరుకూ కలిపి చేస్తే మిక్స్‌డ్ మీడియా అంటారట. నడుమ మాత్రం పోగులు కత్తిరించి, కూర్చుని కండెలు చుట్టే ఆడమనిషి ఆకారంలో ఖాళీ వదిలింది. ఆ మనిషి మా అక్క సరోజన, మాధవి తల్లి. పోయి రెండేళ్ళు. పటం ఏ గోడకు తగిలిస్తే ఆ గోడ రంగే అక్క ఒంటి రంగు.

ఆ ఖాళీ ఇప్పుడు లేదు. తెల్లపోగులతో పూడిపోయింది.

"ప్యాకింగ్ అట్టలకు బజారుకు పోయచ్చేసరికి నాయిన గిట్ల జేసిండు మామా!"

బావ గోడకు ఆనుకుని ఉన్నాడు. నలభై ఏళ్ళు సాంచాల మీద బతికినవాడు. తెగిన పోగు కనబడితే ఆయన వేళ్ళు ఆయన మాట వినవు. రెండు వందల పోగులు, పోగుకు రెండు ముళ్ళు. మా అక్కకు మూడు ముళ్ళేసినవాడు ఇవాళ నాలుగు వందలు వేశాడు. పైకి అనబోయి మింగేశాను.

"తెగిన మాల్ ఎవడు తీస్కుంటడు బిడ్డా? గందుకే వాపస్ పంపుతున్నరనుకున్న. సాపు జేద్దామని..."

"గది అమ్మ! అమ్మను మూసేసినవ్ నాయినా!"

ఆయన గోడను వదిలి ఒకడుగు ముందుకేశాడు.

ఒంటిగంటన్నర. మాధవి కత్తెర పట్టి తెల్లపోగులు కోయబోతే తొందరలో పక్కనున్న నీలం పోగు తెగింది.

"నాకిస్తే అక్క కాదు, కుక్క కూసుంటది" అన్నాను.

"జెర ఊకో మామా."

బావ వచ్చి కత్తెర తీసుకున్నాడు. ముడి పక్కనే కోశాడు. కోసినప్పుడల్లా, వేలు తెగినవాడిలా కళ్ళు మూసుకున్నాడు. ఎడమ భుజం దగ్గర ముడిని వదిలేసి బెత్తెడు కిందికి దిగాడు.

"నాయినా, గీత దాటుతున్నవ్!"

"కండెలు చుట్టి చుట్టి మీ అమ్మకు గీ బుజం జారింది. నువ్వు సక్కగ పెట్టినవ్."

మెడ దగ్గర, తాళి ఉండే చోట, ఆగిపోయాడు. తొమ్మిది పోగులు మిగిలాయి.

"గిది నాతోటి కాదు."

కత్తెర నా వైపు చాపాడు. నేనూ అందుకోలేదు. రెండూ పది.

"ఉండనీ. పోదాం" అంది మాధవి.

అట్టలు చుట్టే టైము లేదు. బావ వెనక ట్రాలీలో చట్రం పట్టుకుని కూర్చున్నాడు.

"అందుతమా మామా?" నా పక్కన మాధవి మూడోసారి అడిగింది. నేను హారన్ కొట్టాను.

వేములవాడ దాటాక అద్దంలో చూస్తే, మెడ దగ్గరి పోగొకటి గాలికి తెగి ఎగురుతోంది. బావ చెయ్యి లేచింది. పోగు చివర దాకా పోయింది. ఆయన ఆ చేతిని వెనక్కి లాక్కుని, తొడ కింద పెట్టి, దాని మీద కూర్చున్నాడు.