నూనె ఎందుకు దిగదు

సన్నటి కూత. ఆగకుండా...

పీపాలో నీళ్లు నురగలు కక్కుతున్నాయి. పీపా అంచుకు బిగించిన పడవ ఇంజిన్ వణుకుతోంది. నీలం పొగ గోడ దాటి పక్కింటి బట్టల మీదుగా పోతోంది. నంద్యాలలో, ఆ ఇరుకు పెరట్లో, పొద్దుటి నుంచీ అదే కూత.

జీవరత్నం ఇంజిన్ ఆపాడు.

"ఆయిల్ రాలేదని ఇంజిన్ హారన్ అరుస్తాంది. డబ్బా చూస్తే నిండుగా ఉండాది. ఏందో దీని కత."

అతని భార్య సారమ్మ ఆయిల్ డబ్బా ముందు కూర్చుంది. నూనె మట్టం దగ్గర బొగ్గుతో గీత గీసింది.

"మళ్లా వెయ్యి."

వేశాడు. ఇంజిన్ కాలిపోకుండా పెట్రోలులోనూ కాస్త ఆయిల్ కలిపి ఉంచాడు. ఇంజిన్ తిరిగింది. కూత వచ్చింది.

గీత దగ్గర నూనె అలాగే ఉంది — వెంట్రుకవాసి దిగలేదు.

పోయిన వానాకాలం, నందికొట్కూరు అవతల, కృష్ణ వెనుక జలాల్లో, పాత ఇంజిన్ ఇలాగే కూసింది. అతను పట్టించుకోలేదు. నడినీళ్లలో ఆగిపోయింది. గాలికి పడవ బోర్లాపడింది. ఇంటికైతే వచ్చాడు. పడవ బోర్లాపడిందని మాత్రం చెప్పాడు, ఆ నీళ్లలో ఏం జరిగిందో చెప్పలేదు.

ఆమె అడిగింది. అతను మాట మార్చాడు.

అప్పటి నుంచి చేపల వేట మాని మార్కెట్ యార్డులో మూటలు మోస్తున్నాడు. నిద్రలో మాత్రం అతని చేతులు వల లాగుతూనే ఉన్నాయి.

ఈ ఇంజిన్ ఆళ్లగడ్డలో దొరికింది. రేకుల షెడ్డులో ఎండాకాలాలు గడిపిన పాత సరుకు. "ఇది నమ్మేదో కాదో నేను చూడాల. ఆ తర్వాతే నువ్వు నీళ్లలోకి," అంది సారమ్మ.

చూస్తోంది.

డబ్బాను ఎత్తు మీద పెట్టి, ఇంజిన్ దగ్గర గొట్టం కొస పీకింది. చుక్క రాలేదు. గొట్టాన్ని డబ్బా నుంచి విప్పి ఊదింది. గాలి సాఫీగా పోయింది, మళ్లీ తగిలించింది. మరి నూనె...?

"పంపు పోయింటాది," అన్నాడు.

"పంపు దాకా వస్తే గదా."

అడుగున మడ్డి ఉందేమోనని మూత తిప్పింది.

హుస్స్...

డబ్బా ఊపిరి పీల్చుకుంది. గొట్టంలోంచి నూనె దారంలా జారింది.

మూత పెట్టింది. దారం సన్నబడి, తెగింది.

మూత తీసింది. మళ్లీ దారం.

సారమ్మ నవ్వింది. "నూనె డబ్బాకు ఒక్క బొక్క పొడిస్తే దిగుతాదా? గాలికి ఇంగోటి పొడవల్ల గదప్పా!"

మూత మీద ఆ రెండో బొక్క ఉంది. ఎర్రమట్టితో పూడిపోయి ఉంది. కందిరీగ కట్టిన మట్టి గూడు. సూదితో గీకితే మట్టిలో ఒక రెక్క, ఒక సాలెపురుగు కాలు. ఎంత చిన్న ఇల్లు... ఎంత పెద్ద ఇంజిన్!

గొట్టంలో గాలిబుడగలు పోయేదాకా నూనె వదిలారు. బిగించారు. కొత్త మట్టం దగ్గర మళ్లీ గీత గీసి వేశారు.

ఇంజిన్ తిరిగింది. తిరుగుతూనే ఉంది. నూనె మెల్లగా గీత కిందికి దిగింది.

కూత లేదు.

"ఆదివారం ప్రార్థన కాంగానే పోతా," అన్నాడు జీవరత్నం.

"నేనూ వస్తా."

సారమ్మ ఎన్నడూ పడవెక్కని మనిషి.

ఆదివారం. నీళ్లు. ఒడ్డు వెనక్కి జరిగింది, చిన్నదైంది, గీతైంది. ఒక చోట అతని భుజాలు బిగుసుకోవడం ఆమె చూసింది.

"ఈడేనా?"

తల ఊపాడు.

"ఆపు."

"ఎందుకు?"

"ఆ పొద్దు నీకు ఏం వినపడిందో నేనూ వినాల."

అతను ఇంజిన్ ఆపాడు.

గాలి. చెక్కల కింద నీటి చప్పుడు. అంతకు మించి ఏమీ లేని వెడల్పు...

అతను నీళ్లలో చెయ్యి ముంచాడు.

"మొదుట్లో ఏమీ వినపడలేదు," అన్నాడు. "తర్వాత..."

అతను చెబుతుంటే, సారమ్మ దగ్గరికి జరిగింది.